రెండు పేర్ల పిల్లలు: తెలుగు బాలసాహిత్యం ముందు ఒక ప్రశ్న

తెలుగు బాలసాహిత్యంలో దళిత పిల్లవాడు చాలాకాలం లేడు. వున్నా పశువుల వెంట ఒకసారి కనపడి, నీతి చెప్పే పెద్దమనిషి రాగానే మాయమయ్యేవాడు. దళిత విమర్శ ఈ మాట ఎప్పటినుంచో చెబుతూనే వుంది. ఇప్పుడు ఇంకొక లేమిని చర్చకు పెట్టదలుచుకున్నాం. మగపిల్లాడు పుట్టాడని ఇల్లంతా నమ్మినా తాను ఆడపిల్లనని తెలుసుకున్న బిడ్డ, ఆడపిల్లగా పెరుగుతూ తాను మగవాడినని తెలుసుకున్న బిడ్డ మన పిల్లల పుస్తకాల్లో ఎక్కడున్నారు? వాళ్ళ గురించి రాయదలుచుకున్న రచయిత ఎక్కడ నిలబడి రాయాలి? బందరు, గుడివాడ, దివిసీమల మధ్యనున్న మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో నిలబడి ఈ ప్రశ్న వేస్తున్నాం.

దళిత అధ్యయన పత్రికలో ఇదేం విషయం అని అడిగేవాళ్ళుంటారు. కులం సమస్య తేలకుండా ఇప్పుడు ఇదొకటా అంటారు. 1990లలో దళిత స్త్రీలు తమ మాట చెప్పబోయినప్పుడు కూడా ఇదే అన్నారు. అప్పుడు ఆ మాట నిలవలేదు, ఇప్పుడూ నిలవదు. 2011 జనాభా లెక్కల్లో మగ, ఆడ గడులు కాకుండా 'ఇతరులు' అనే గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశం లెక్కలో 78,811 మంది షెడ్యూల్డ్ కులాల వాళ్ళు, అంటే ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు. ఇంకో అంకె వుంది. వాళ్ళలో ఆరేళ్ళలోపు పిల్లలు 54,854 మంది. ఈ అంకెలో రకరకాల పిల్లలు కలిసి వుండొచ్చు, దాచిన ఇళ్ళు ఎన్నో వుండొచ్చు. అయినా ఇన్ని వేల ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎన్యూమరేటర్ ముందు నోరు తెరిచి, మా బిడ్డ ఈ రెండు గడుల్లో లేదు అని చెప్పారు. ప్రభుత్వం లెక్కలోకి వచ్చిన బిడ్డ మన వాచకంలోకి రాలేదు.

శాపం, వరం, మారువేషం

మన పురాణాల్లో లేనిదేవిటి, శిఖండి వున్నాడు, బృహన్నల వున్నాడు, మోహినీ అవతారం వుంది అంటారు పండితులు. నిజమే, వున్నారు. కాని ఎట్లా వున్నారు? అర్జునుడు వూర్వశి శాపాన్ని అజ్ఞాతవాసానికి వాడుకుని, ఏడాది గడవగానే గాండీవం పట్టుకుంటాడు. మోహిని రాక్షసుల్ని మోసం చేయడానికి వచ్చి, పని కాగానే పోతుంది. శరీరం మారడం శాపమో, వరమో, మారువేషమో అవుతుంది గాని ఒక మనిషి రోజూ బతికే బతుకు కాదు. యుద్ధానికో, దేవతల అమృతానికో పనికొచ్చినంతవరకే దానికి చోటు.

శిఖండి సంగతి చూడండి. అంబ తిరిగి పుట్టి ద్రుపదుడి ఇంట ఆడబిడ్డ అయింది. తల్లిదండ్రులు ఆ బిడ్డను కొడుకని లోకానికి చెప్పి పెంచారు, దశార్ణ రాజు కూతుర్నిచ్చి పెళ్ళి కూడా చేశారు. నిజం బయటపడేసరికి మామగారు యుద్ధానికి వచ్చాడు. తనవల్ల ఇంటికి ఆపద వచ్చిందని ఆ బిడ్డ చావడానికి అడవికి పోతే, అక్కడ యక్షుడు తన మగతనం ఇచ్చాడు. ఇంటి రహస్యాన్ని ఒంటి మీద మోసిన ఒక బాల్యం ఇందులో వుంది. కాని పిల్లలకు భారతం చెప్పేవాళ్ళు ఈ భాగం మీదుగా గబగబా నడిచి, పదో రోజు యుద్ధంలో భీష్ముడి ముందు శిఖండిని నిలబెడతారు. అర్జునుడి బాణానికి అడ్డుగా పనికొచ్చిన మనిషి మాత్రమే పిల్లలకు మిగులుతాడు. ఈ విస్మరణ అమాయకంగా జరిగిందని మేము అనుకోవడం లేదు.

పుస్తకం వదిలి రంగస్థలానికి వద్దాం. పామర్రు నుంచి చల్లపల్లి పోయే దారిలో కూచిపూడి వుంది. సిద్ధేంద్రయోగి పేరు మీద చెప్పుకునే కథ ప్రకారం, ఆ వూరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) ఆ వేషంతోనే దేశమంతా పేరు పొందారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకుముందే 1956లో, నాటకాల్లో స్త్రీ పాత్రలకు పేరుబడ్డ స్థానం నరసింహారావుకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ ప్రతిభను మేము కాదనడం లేదు. మేము అడిగేది వేరు. జడ పట్టుకుని నడిచిన ఆ నడక అగ్రహారంలో కళ అయింది. అదే నడక మాలపల్లె కుర్రాడు నడిస్తే 'ఆడంగి వెధవ' అయ్యాడు. నడక ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చింది? హర్షిత కామత్ 2019లో వెలువరించిన 'ఇంపర్సొనేషన్స్' గ్రంథం కూచిపూడి స్త్రీ వేషాన్ని బ్రాహ్మణ పురుషత్వం ఎట్లా తయారవుతుందనే కోణం నుంచి చర్చించింది. ఆడవేషం కట్టినా అక్కడి మగవాడి మగతనానికి, కులానికి లోటు రాదు. వేషం తీయగానే అతడు మళ్ళీ అయ్యవారే. గుడిలో ఆడిన కళావంతుల స్త్రీల ఆటను మద్రాసు ప్రభుత్వం 1947 చట్టంతో నిషేధించింది. తర్వాతి దశాబ్దాల్లో కూచిపూడి శాస్త్రీయ నృత్యమై గౌరవం పొందింది. ఎవరి ఒంటి మీద ఆడతనం కళ అవుతుందో, ఎవరి ఒంటి మీద తప్పవుతుందో ఇక్కడ కులం నిర్ణయించింది. పిల్లల రచయిత మొట్టమొదట అర్థం చేసుకోవలసింది దీన్ని.

ఒక్క రాత్రి మెప్పు

తెలుగులో ఈ బాల్యానికి అతి దగ్గరగా వచ్చిన పుస్తకం పిల్లల కోసం రాసింది కాదు. తమిళనాడులో నామక్కల్ ప్రాంతపు పల్లెలో పుట్టిన ఎ. రేవతి ఆత్మకథను వి. గీత ఇంగ్లీషులోకి తెస్తే 2010లో అచ్చయింది. దాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఈ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. విజయవాడలో పాఠాలు చెప్పిన కథకురాలు ఈ పుస్తకాన్ని మన వాడుక మాటల్లోకి తేవడం కృష్ణా తీరానికి దక్కిన మేలు.

అందులో బాల్యపు పుటలు చదవండి. ఆడపిల్లలతో ఆటలు, అక్క బట్టలు కట్టుకోవడం, బళ్ళో వెక్కిరింతలు, పంతుళ్ళ దెబ్బలు. మారియమ్మ జాతరలో ఆ బిడ్డ కురవంజి వేషం కట్టి ఆడితే వూరు మెచ్చుకుంటుంది. తెల్లవారి అదే బిడ్డ అదే నడకతో వీధిలో పోతే వూరు వూరుకోదు. జాతర ఒక్క రాత్రికి ఇచ్చే అనుమతిని పొద్దున వెనక్కి తీసేసుకుంటుంది. ఇల్లు వదిలి ఢిల్లీ పోయి తిరిగొచ్చిన బిడ్డను అన్న క్రికెట్ బ్యాటుతో కొడతాడు. ఈ పుటలు పన్నెండేళ్ళ పిల్లలు చదవలేనివా? తోటి పిల్లవాడిని బడి వెనక పట్టుకుని కొట్టే వయసు వచ్చిన వాళ్ళకి, దెబ్బ తిన్న బిడ్డ కథ చదివే వయసు రాలేదంటే ఎట్లా ఒప్పుకోవడం?

అయితే రేవతి ఇంటికీ మన ఇంటికీ తేడా వుంది. అది లారీల మీద బతికే అన్నలున్న ఇల్లు, ఆస్తిలో వాటా అడగగలిగిన ఇల్లు. మన ఇంట్లో పంచుకోవడానికి ఆస్తి వుండదు. రేషన్ కార్డు మీద ఒక పేరు, హాస్టల్లో ఒక సీటు, కాలనీలో ఒక పక్కా ఇల్లు వుంటాయి. ఇక్కడ లివింగ్ స్మైల్ విద్య 2007లో తమిళంలో వెలువరించిన 'నాన్ విద్యా' మనకు ఎక్కువ పని చేస్తుంది. ఆమె దళిత కుటుంబంలో పుట్టారు. కొడుకు పుట్టాడని, చదివి పెద్ద ఉద్యోగస్తుడవుతాడని తండ్రి ఆశంతా ఆ బిడ్డ మీద పెట్టుకున్నాడు. మార్కులు తగ్గితే దెబ్బలు. ఆమె భాషాశాస్త్రంలో ఎం.ఎ. చదివారు, ఆ తర్వాత కూడా బతకడానికి రైళ్ళలో చేయి చాపవలసి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ల పట్ల ద్వేషం బ్రాహ్మణవాదపు ఇంకో రూపమేనని తర్వాత ఆమే తేల్చి చెప్పారు.

ఇంట్లో మొట్టమొదట యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటి వాళ్ళకు ఆ తండ్రి కొత్త మనిషేం కాదు. మా ఇళ్ళలో కొడుకు చదువంటే ఒక తరం పెట్టుబడి. అమ్మ నాట్లకు పోయిన కూలి, నాన్న చేపల చెరువు మీద రాత్రి కాపలా, నాయనమ్మ పింఛను అన్నీ కలిపి పుస్తకాల సంచిలో పడతాయి. ఆ కొడుకు నేను కూతుర్నమ్మా అంటే, పెట్టుబడి మునిగిందనే ఇల్లు అనుకుంటుంది. ఆ భయం నీచమైనది కాదు, పేదరికం నేర్పిన భయం. కాని ఆ భయమే బిడ్డను రైలెక్కిస్తుంది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగిన పిల్లల పుస్తకం మనకు కావాలి. తండ్రిని రాక్షసుడిగా చేసిన కథ సులువైన కథ. తండ్రిని క్షమించి బిడ్డను మరిచిపోయిన కథ అంతకన్నా సులువైనది.

ఎవరి గౌను?

ఇంగ్లీషులో, ఇతర భాషల్లో ఈ పని మొదలైంది. భోపాల్‌కు చెందిన చిత్రకారిణి కనక్ శశి రాసి బొమ్మలు వేసిన 'గుఠ్లీ హాజ్ వింగ్స్' 2019లో చెన్నైలోని తూలిక ప్రచురణగా వచ్చింది. అందరూ అబ్బాయి అనుకునే గుఠ్లీ పండుగనాడు అక్క గౌను వేసుకుంటుంది. ఇంట్లో కోప్పడతారు. నేను అమ్మాయినైతే అబ్బాయినంటారేం అని గుఠ్లీ అడుగుతుంది. దిగులు పడిన బిడ్డను చూడలేక చివరికి తల్లే గౌను ఇస్తుంది. చిన్న పుస్తకం, చక్కటి పుస్తకం. బిడ్డను మార్చడానికి బదులు తల్లి మారడం అందులో గొప్ప సంగతి.

కాని మన పిల్లలకు చదివి వినిపిస్తే ఒక ప్రశ్న వస్తుంది. మన ఇళ్ళలో అక్క గౌను తమ్ముడు వేసుకోవడం వింతా? ఏడాదికి ఒక్కసారి క్రిస్మస్‌కు కొత్తబట్టలు కొనే ఇంట్లో, అక్కకి పొట్టయిన గౌను తమ్ముడి ఒంటి మీదికి రావడం మామూలు. అప్పుడెవరూ తప్పనరు. బడికి పోయే వయసు వచ్చాక, నిక్కరు ఇచ్చాక, ఆ గౌను కోసం ఏడిస్తేనే తప్పు. అంటే మన వాడలో బట్టకు లింగం పుట్టుకతో రాదు, బడితో వస్తుంది, కూలితో వస్తుంది. డెల్టాలో నాట్లు వేసేది ఆడవాళ్ళ ముఠా, నారుకట్టలు మోసేది మగాళ్ళు. ఆడకూలి వేరు, మగకూలి వేరు. ఆడవాళ్ళ వరుసలో నిలబడి నాటు వేస్తానన్న కుర్రాడికి నవ్వులు వస్తాయి, తక్కువ కూలి వస్తుంది. మన నేల మీద లింగం అనేది సాయంత్రం చేతిలో పడే డబ్బుల లెక్క కూడా. గౌను దగ్గర ఆగిన పుస్తకం ఈ లెక్క దాకా రాలేదు. దానికి ఆ రచయిత్రిని తప్పు పట్టలేం, అది రాయవలసింది మనం.

రాస్తే రచయితకు ఏం జరుగుతుంది? అమెరికాలో ఎలెక్స్ జినో 2015లో 'జార్జ్' అనే పిల్లల నవల రాశారు. అందరూ జార్జ్ అనుకునే నాలుగో తరగతి బిడ్డ తన పేరు మెలిస్సా అని తెలుసుకునే కథ. బళ్ళో నాటకంలో ఆడపాత్ర వేయాలని ఆ బిడ్డ కోరిక. గ్రంథాలయాల నుంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల పట్టికలో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2018, 2019, 2020 సంవత్సరాల్లో వరసగా దీన్ని మొదట పేర్కొంది. ఫిర్యాదులకు రచయిత తగ్గలేదు. పాఠకుల నుంచి వచ్చిన ఇంకో మాటకు మాత్రం తల వంచారు. ఆ బిడ్డ వద్దనుకున్న పేరునే పుస్తకానికి పెట్టడం తప్పేనని ఒప్పుకుని, 2022 నుంచి 'మెలిస్సా' పేరుతో పుస్తకం వచ్చేట్టు చేశారు. రాసిన పుస్తకం పేరే మార్చుకోవడం చిన్న విషయం కాదు. ఎవరి మాటకు బదులు చెప్పాలో, ఎవరి మాటను పట్టించుకోనక్కర్లేదో ఇక్కడ నేర్చుకోవచ్చు.

మన దగ్గర 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో కలుపుకోవడం గురించి ఉపాధ్యాయుల కోసం ఒక పుస్తకం తయారు చేసింది. బాలల హక్కుల జాతీయ కమిషన్ అభ్యంతరం చెప్పింది, కొద్దిరోజుల్లోనే ఆ పుస్తకం వెబ్‌సైట్ నుంచి మాయమైంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు, 2019లో పార్లమెంటు చట్టం వచ్చిన తర్వాతి మాట ఇది. కోర్టులో గెలిచిన మనిషి తరగతి గదిలోకి రాలేకపోయింది. పిల్లలకు తెలియకూడదు అన్నారు. పిల్లలకు తెలియందేమిటి? గుడివాడ జంక్షన్లో రైలెక్కిన ప్రతి పిల్లవాడికీ చప్పట్లు తెలుసు. సినిమా కామెడీలో 'కొజ్జా' అని నవ్వించడం తెలుసు. 2019లో తమన్నా సింహాద్రి మంగళగిరిలో ఎన్నికల్లో నిలబడటం, అదే ఏడాది బిగ్‌బాస్ మూడో సీజన్‌లో కనపడటం ఇంటింటి టీవీలో చూశారు. పిల్లలకు తెలియనిది గౌరవంగా మాట్లాడే భాష ఒక్కటే. ఆ భాష ఇవ్వడం బాలసాహిత్యం పని.

రెండు పేర్లు

మన పిల్లలకు ఈ కథ ఏ గుమ్మంలోంచి చెప్పాలి? పేరు అనే గుమ్మంలోంచి అని మా అభిప్రాయం.

కృష్ణా డెల్టా మాలమాదిగ పిల్లలకు రెండు పేర్లుండటం తెలిసిన సంగతే. బాప్తిస్మం పేరు ఒకటి, బడి రిజిస్టర్లో పేరు ఒకటి. ఇంట్లో ప్రభుదాసు, సర్టిఫికెట్లో వెంకటేశ్వరరావు. ఎందుకు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. చర్చికి పోయినంత మాత్రాన వూరు కులం మరిచిపోలేదు, ప్రభుత్వం మాత్రం మరిచిపోయింది. అందుకని అమ్మానాన్నలు బిడ్డకు ఒక కాగితం పేరు పెట్టారు. బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కూడా మొదట అగ్రవర్ణాల పిల్లల కోసం నడిచిందే. బడి రిజిస్టర్లో ఎవరి పేరు ఎట్లా ఎక్కుతుందనే గొడవ మన నేల మీద పాతది. ఒక పేరుతో పిలిస్తే ప్రాణం లేచి రావడం, ఇంకో పేరుతో పిలిస్తే హాజరు పలకడం మాత్రమే కావడం మన పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో పిల్లల కథల పుస్తకాలు తెచ్చింది. వాటిలో ఎం.ఎం. వినోదిని కథ శీర్షికకు 'రెండు పేర్ల కుర్రాడు' అని అర్థం. ఖదీర్‌బాబు తలకాయ కూరను పిల్లల పుస్తకంలోకి తెచ్చారు. గోగు శ్యామల 'తాటకి' అనే తిట్టుపేరు మోసే పిల్లను గెలిపించారు, రామాయణంలో చచ్చిన పేరును బతికించారు. ఈ పుస్తకాలు కులాన్ని, మతాన్ని, వాడను పిల్లల ముందుకు తెచ్చాయి. లింగ గుర్తింపు వాటి ప్రధాన విషయం కాదు. కాని దారి అదే. తాటకి అన్న తిట్టును తిప్పి కొట్టినట్టే, ఆడంగి అన్న తిట్టును తిప్పి కొట్టే కథ ఆ దారిలోనే రావాలి.

ఈ పోలికకు ఒక హద్దు వుంది, దాన్ని దాటితే మోసం అవుతుంది. దళిత క్రైస్తవ బిడ్డకు బయట పేరు అబద్ధమైనా ఇంటి పేరు నిజం. దెబ్బ తిని వస్తే అమ్మ ఆ నిజమైన పేరుతో పిలిచి అన్నం పెడుతుంది. ట్రాన్స్‌జెండర్ బిడ్డకు ఇంట్లో పిలిచే పేరే తనది కాదు. ముద్దుగా పిలిచినా గుచ్చుకుంటుంది. కులం బయట నిలబడి కొట్టినప్పుడు ఇల్లు ఆశ్రయం అయింది. ఈ బిడ్డకు ఆ ఆశ్రయం కూడా లేదు. మేము చదువుకున్న హాస్టల్లో ఒక పిల్లవాడికి రిజిస్టర్లో పేరు ఒకటుండేది, అందరూ పిలిచే తిట్టుపేరు ఒకటుండేది. నీళ్ళతొట్టి దగ్గర అందరూ అయ్యాక పోసుకోమనేవారు. తొమ్మిదో తరగతి మధ్యలో కనపడకుండా పోతే, ఎటు పోయాడని ఎవరూ వెతకలేదు. అక్కడ వున్నదంతా మన పిల్లలే. అంటరానితనం అనుభవించిన చేతులే ఆ తొట్టి దగ్గర ఇంకొకరిని దూరం నిలబెట్టాయి. దళిత సాహిత్యం ఈ పుట రాయకుండా వదిలేస్తే, మనం ఎవరి మౌనాన్ని ప్రశ్నించామో వాళ్ళ వరుసలోనే కూర్చున్నట్టు.

కాగితాల దగ్గర కూడా ఇదే చిక్కు. ట్రాన్స్‌జెండర్లను వెనకబడిన తరగతులుగా పరిగణించమని నల్సా తీర్పు చెప్పింది. అట్లాగైతే దళిత ట్రాన్స్‌జెండర్ ఎస్సీ సర్టిఫికెట్ వదులుకోవాలా? అందుకే తమిళనాడుకు చెందిన దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను అన్ని కులాల లోపలా అడ్డంగా సాగే రిజర్వేషన్ కోసం పోరాడుతూ వచ్చారు. 2021లో కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం ఈ పద్ధతిలో ఇచ్చింది. ఒక గుర్తింపు కోసం ఇంకొకటి వదులుకోమనకండి అనే ఆ డిమాండే మన పిల్లల పుస్తకానికి సూత్రం కావాలి. కులం లేని ట్రాన్స్‌జెండర్ బిడ్డా, లింగం ప్రశ్న లేని దళిత బిడ్డా ఇద్దరూ సగం బొమ్మలే.

ఏం రాయాలి, ఎవరు రాయాలి

ఈ జీవితం బతికినవాళ్ళు రాయాలి, అది మొదటి మాట. వాళ్ళు రాసేదాకా మిగతావాళ్ళు కలం మూసి కూర్చోవాలని కాదు. రాసి, వాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు కాదంటే చింపగలిగిన వాళ్ళు రాయొచ్చు. సానుభూతి కథలు మాత్రం వద్దు. చివర్లో బిడ్డ చచ్చిపోయి అందరూ ఏడ్చే కథలు దళితుల మీద చాలా వచ్చాయి, వాటి ఫలితం చూశాం.

విషయానికి కొదవ లేదు. నాగాయలంక వైపు పల్లెలో క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం ఇస్తే, దేవదూత వేషం కావాలని పట్టుబట్టే బిడ్డ కథ రాయొచ్చు. ఆ వేషం ఒక్క రాత్రితో ఎందుకు ముగియాలని అడిగించొచ్చు. నాట్ల ముఠాలో పిన్ని పక్కన నిలబడి వరుస తప్పకుండా నాటిన పిల్ల, మేస్త్రిని కూలి లెక్క అడిగే కథ రాయొచ్చు. హాజరు పిలిచేటప్పుడు ఏ పేరుకూ పలకని బిడ్డ కథ, ఆ మౌనాన్ని గైర్హాజరు అని రాసిన పంతులమ్మ కథ రాయొచ్చు. భాష పెడన రంగుల్లా మన నీళ్ళల్లో తడిసిందై వుండాలి, అనువాదపు భాష కాకూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పుస్తకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఏడాది తరగతిలో 'ఒక హిజ్రా ఆత్మకథ' బాల్యపు పుటలు పెద్దపిల్లలకు చదివి వినిపించండి. శిఖండి కథ చెబితే ద్రుపదుడి ఇంట్లో గడిచిన బాల్యం కూడా చెప్పండి. ఎవరైనా నవ్వితే, ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నారో అడగండి, తిట్టకండి. విద్యార్థి సంఘాల మిత్రులు హాస్టళ్ళలో కుల దూషణ మీద పెట్టే ప్రతి సమావేశంలో ఈ దూషణను కూడా చర్చకు పెట్టాలి. ఈ వ్యాసంతో విభేదించేవాళ్ళు వుంటారు, విభేదిస్తూ రాయండి. తొట్టి దగ్గర ఆఖరున నిలబడ్డ బిడ్డ మాత్రం మన వాదం తేలేదాకా ఆగదు, పరీక్షల లోపే బడి మానేస్తుంది. ఆ లోపు తన పేరున్న పుస్తకం ఒక్కటైనా ఆ బిడ్డ చేతికి అందించడం మన బాధ్యత.